బొగ్గి కోసం ఖానాపూర్ దాకా

మా బందరులో కాశీ వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నారు, రామేశ్వరం వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నారు. కరీంనగర్ చూసి వచ్చినవాళ్లు మాత్రం బదిలీ మీద వెళ్లిన ఉద్యోగస్తులే. వాళ్లు కూడా చేరిన రోజునే తిరిగి రావడానికి దరఖాస్తు పెట్టుకుంటారు. అటువైపు ఎలా ఉంటుందండీ అని అడిగితే "ఎండ, రాళ్లు, జొన్నరొట్టె" అని ముగిస్తారు. మొన్న వేసవి సెలవుల్లో నేను ఆ మూడూ చూశాను. వాళ్లు చెప్పనివి కూడా కొన్ని చూశాను. ఇది చదివి ఎవరైనా ముచ్చటపడి ప్రయాణం కడతారన్న ఆశ నాకు లేదు. అయినా రాస్తున్నాను.

మా తమ్ముడు ఆనందరావు, ఇంట్లో అందరికీ ఆనందం, బొగ్గు గనుల్లో సర్వేయరు దగ్గర సహాయకుడుగా పనిచేసేవాడు. రెండు ప్రాంతాలూ కలిసి ఒక రాష్ట్రమైన కొత్తలో, ఉద్యోగం దొరికిందని సంబరపడుతూ వెళ్లాడు. ఒకనాడు గని పైకప్పు విరిగి వీపు మీద పడింది. గని ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు. ఆ తరువాత కరీంనగర్ శివార్లలో మిషనువారు నడిపే చోటికి పంపారు. దెబ్బ మానినా లేవలేనివాళ్లను నెలల తరబడి ఉంచుకుని, మళ్లీ కాళ్ల మీద నిలబెట్టే చోటు అది. అప్పట్లో అమ్మ మంచం పట్టి ఉంది. ఆమెను వదిలి నేను కదలలేకపోయాను.

మొదట్లో ఆనందం ఉత్తరాలు రాయలేదు. తిండి తినడం లేదని, ఎవరితోనూ మాట్లాడడం లేదని అక్కడి నర్సు రాయించింది. తరువాత ఒక్కసారిగా ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నిటిలోనూ ఒక కుక్క సంగతే. పేరు బొగ్గి. ఇవాళ బొగ్గి నా మంచం కింద పడుకుంది, ఇవాళ బొగ్గికి రొట్టె పెట్టడానికి లేచి కూర్చున్నాను, బొగ్గి ముందు నడుస్తుంటే నడక నేర్పడానికి కట్టిన వెదురు గడలు పట్టుకుని నేనూ నడిచాను, అని. అమ్మ ఆ ఉత్తరాలు నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది. అమ్మ పోయాక ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ పోయిన దిగులేమో అనుకున్నాను. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులివ్వగానే బయలుదేరాను.

హుజూరాబాదు దారిలో

కాజీపేటలో రైలు దిగి, హనుమకొండ నుంచి బస్సు ఎక్కాను. మా వైపు బస్సులంటే ఆసాములవి, నిండేదాకా కదలవు. ఇక్కడ నిజాము కాలం నుంచీ బస్సులు సర్కారువేనట. నిండకపోయినా కదులుతాయి, కదిలాక దారి పొడుగునా నిండుతాయి. కిటికీలోంచి చూస్తే ఎటు చూసినా రాతిగుట్టలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరచిపోయినట్టు.

నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. మూట విప్పి సర్వపిండి ముక్క చేతిలో పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి గిన్నెకు అద్ది కాల్చిన రొట్టె. మా దిబ్బరొట్టెలా మెత్తగా ఉండదు, పళ్లకు పని చెబుతుంది. కాని రుచి మాత్రం వదలదు.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

ఫలానా ఆసుపత్రికి, తమ్ముణ్ణి చూడటానికి అని చెప్పాను.

"దొరసాని దవాఖానకా? గాడ నల్లకుక్క ఉంటది గదా! మా అల్లునికి గాడనే మంచిగైంది. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. సచ్చిపోత, సచ్చిపోత అనెటోడు. గా కుక్క పొద్దుగాల్ల పోయి ఆయన సెయ్యి మూతితోని లేపేది. కుక్క లేపుతుంటె సచ్చిపోత అని ఎట్లంటడు? లేశిండు. ఇప్పుడు పొలంకాడికి పోతుండు."

అని నవ్వింది. టీ తాగుదామని హుజూరాబాదులో దిగితే, టీ కొట్టువాడు కొత్త పైసల్లో అడిగిన ధరను ఆమె ఇంకా అణాల్లోకి మార్చుకుని బేరమాడింది. టీ చిక్కగా, తియ్యగా, జిగురుగా ఉంది. ఆమె చెప్పిన మాటతో నాకు ప్రాణం తేలికైంది. ఆ ప్రయాణం మొత్తం మీద నేను హాయిగా ఉన్నది ఆ బస్సులోనే.

దొరసాని దవాఖాన

మానేరు వాగు ఇసుక మీదుగా వచ్చే వేడిగాలి నేరుగా ఆ ఆవరణలోకి కొడుతుంది. పొడుగాటి పెంకుటిళ్లు, చుట్టూ ప్రహరీ గోడ, ఇనుప గేటు. లోపల చాలా శుభ్రంగా ఉంది. నిశ్శబ్దంగా కూడా ఉంది. దాదాపు ప్రతి మంచం పక్కనా ఒక ఊతకర్ర, లేదా రెండు చంకకర్రలు ఆనించి ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

ఆనందం గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే మెడ తిప్పాడు. ముఖం సగమైంది.

"ఎందుకొచ్చావక్కయ్యా, ఇంత ఎండలో?"

అంతే. అమ్మ గురించి చెప్పాను, విన్నాడు. నేను తెచ్చిన పూతరేకులు తలగడ పక్కన పెట్టాను, ముట్టలేదు. "నీ బొగ్గి ఏదిరా?" అని అడిగాను. మోచెయ్యి కళ్ల మీద అడ్డం పెట్టుకున్నాడు.

ఆ వార్డులో ఆయాగా పనిచేసే రూతమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. ఇక్కడి మిషను సంఘానికి చెందినావిడ, నడివయసు మనిషి, నుదుటి మీద చెమట తుడుచుకునే తీరిక లేని మనిషి. ఆమె చెప్పిందిది.

బొగ్గి ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు పాలబండి వెంబడి వచ్చి గేటు దగ్గర ఆగిపోయింది. అప్పటి పెద్ద డాక్టరమ్మ, అందరూ దొరసాని అనే తెల్లావిడ, దాన్ని వార్డులోకి రానిచ్చింది. పశువుల డాక్టరు చేత టీకా వేయించింది. రోజూ సబ్బుతో కడగాలని, పుండ్లున్న మంచాల దగ్గరకు పోనివ్వకూడదని రూతమ్మకు అప్పజెప్పింది. గనుల నుంచి వచ్చినవాళ్లే దానికి ఆ పేరు పెట్టారు. దొరసాని వయసు మీరి తన దేశం వెళ్లిపోయింది. కొత్త డాక్టరు వచ్చాడు. మిషను కమిటీ పెద్దలు చూడటానికి వస్తున్నారని, వార్డులో కుక్క కనపడకూడదని, ఈ ఆసుపత్రికి కట్టెలు పంపే ఖానాపూర్ కాంట్రాక్టరుకు ఇచ్చేశాడు.

"లారీల ఎక్కిచ్చుకొని పోయిండమ్మా. అది ఒక్కతీర్గ ఒర్రుతుంది. గా ఒర్రుడు విని మీ తమ్ముడు ఆపుతనని లేశిండు. కర్రలు అందక మంచం మీదికెల్లి కింద పడ్డడు. మేం లేపేసరికి లారీ పోయింది. గప్పటి సంది గోడదిక్కే మొఖం."

ఎదుటి మంచం మీద రామ్‌దీన్ అనే అతను కూర్చుని ఉన్నాడు. గోరఖ్‌పూర్ నుంచి గనుల్లో కూలికి వచ్చిన మనిషి. బొగ్గుతొట్ల మధ్య పడి రెండు చేతులూ మణికట్టు దాకా పోయాయి. అతని భాష ఆ వార్డులో ఎవరికీ సరిగా రాదు. బొగ్గి ఉన్నన్నాళ్లూ పొద్దున లేచింది మొదలు దానితో తన భాషలో ఊసులు చెప్పేవాడట. "ఇప్పుడు నోరు తెరుస్తలేడు. బువ్వ పెడుదామంటె గూడ తెరుస్తలేడు," అంది రూతమ్మ.

మనవైపు డాక్టరుగారు

కొత్త డాక్టరుగారు మా గుంటూరు జిల్లావారు. బందరు అనగానే ముఖం వికసించింది. టీ దేశంలో కాఫీ పెట్టించి ఇచ్చారు.

"మనవైపు వాళ్లు వచ్చారంటే ప్రాణం లేచి వస్తుందండీ. ఈ భాష విని విని నా తెలుగు కూడా పాడైపోతోంది."

నేను కుక్క సంగతి ఎత్తాను.

"తీయించేశానండీ. ఆసుపత్రిలో కుక్కేమిటి? ఆవిడంటే దొరసాని. వాళ్ల దేశంలో కుక్కల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు. మనకెందుకా అలవాటు? రేపు ఎవర్నైనా కరిస్తే జవాబు చెప్పాల్సింది నేను."

ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. కాని ఆ మాట ఆయన అంటున్నప్పుడు వంటశాల గుమ్మంలో ఒక పిల్లి పాలగిన్నె నాకుతోంది. వరండా చూరులో ఎలుకలు పరుగెడుతున్నాయి. వాటికి కమిటీ భయం లేదు.

"మా తమ్ముడు లేచి నిలబడింది ఆ కుక్క వల్లనండి."

"కాదండీ, వ్యాయామం వల్ల."

"వ్యాయామం ఇప్పుడూ ఉందిగా. ఎందుకు లేవడం లేదు?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మనోధైర్యం లేదండీ. మీరు వచ్చారుగా, నాలుగు మాటలు చెప్పండి. చదువుకున్నవారు."

నేను లేచాను. కుక్కను తెస్తే ఏమంటారని అడిగాను. ఆయన నవ్వారు. "ప్రహరీ గోడ బయట మీరేం కట్టుకున్నా నాకు అభ్యంతరం లేదండీ."

వార్డులోకి వచ్చి ఆనందంతో చెప్పాను, ఖానాపూర్ వెళుతున్నానని. మోచెయ్యి కళ్ల మీంచి తీశాడు. చాలాసేపు నన్నే చూశాడు. రూతమ్మ వాడు విడిచిన, ఉతకని చొక్కా ఒకటి కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. "గీ అంగి తీస్కపో. నువ్వెవలో దానికేం ఎర్క?"

గోదావరి దాటి

పెద్దపల్లిలో మంచిర్యాల వెళ్లే రైలెక్కాను. పెట్టెనిండా గనుల వాళ్ల కుటుంబాలే. ఒక బెంచీ మీద తెలుగు, ఎదుటి బెంచీ మీద హిందీ, తలుపు దగ్గర మరాఠీ. పిల్లలు మూడిట్లోనూ పోట్లాడుకుంటున్నారు. గోదావరి వంతెన వచ్చేసరికి అందరూ కిటికీలకు చేరి పైసలు విసిరారు. కింద నీళ్లు లేవు, ఇసుకే. మా వైపు గోదావరి అంటే ఒడ్డు కనపడని నీరు. ఇది అదే నది అని నమ్మడానికి నాకు కష్టమైంది. పైసలు ఇసుకలో పడ్డాయి. వాళ్ల దండాలు మాత్రం నిండు నదికి పెట్టినట్టే పెట్టారు.

మంచిర్యాలలో రూతమ్మ అక్కగారింట్లో దిగాను. ఆమె భర్త కొమురయ్య బొగ్గుబాయి కార్మికుడు. ఇక్కడ గనిని బాయి అంటారు. సాయంత్రం పని నుంచి వచ్చి, పెరట్లో తొట్టెడు నీళ్లతో కడుక్కున్నా కళ్ల చుట్టూ నలుపు కాటుకలా మిగిలిపోయింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. ఉడికించని చింతపండు పులుసులో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపిన పులుసది. మేము చారు కాచకుండా మింగం. ఆ ఎండకు అదే మందని మూడో ముద్దకు అర్థమైంది. జొన్నరొట్టె విరవడం చేతకాక నేను తంటాలు పడుతుంటే ఇంటావిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది.

కుక్క కోసం వచ్చానంటే కొమురయ్య కూడా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"బాయిల పడ్డోనికాడికి మొదలు అందరొస్తరక్కా. ఆఫీసరొస్తడు, సంఘపోల్లొస్తరు, సుట్టాలొస్తరు. నెల దాటినంక ఎవలు రారు. కుక్క ఒక్కటే నెల లెక్కపెట్టదు. తోల్కరా, మంచిగనే ఉంటది."

జన్నారం అడవిలో

మర్నాడు లక్సెట్టిపేట, జన్నారం మీదుగా ఖానాపూర్ బస్సు. జన్నారం దాటితే రోడ్డుకు అటూ ఇటూ టేకు అడవి, ఎండకు ఆకు రాల్చి ఎముకల్లా నిలబడి ఉంది. బీడీలు చుట్టే తునికాకు కోసే రోజులవి. ఆడవాళ్లు నెత్తిమీద ఆకు మూటలతో వరసగా నడుస్తున్నారు. బస్సు ఎక్కబోతుంటే నా చెప్పు వారు తెగింది. కండక్టరు సీటు కింద నుంచి ఇనుప తీగ తీసి కట్టిచ్చాడు. అది రోజంతా నా కాలిని కొరికింది.

ఎదుటి సీటులో తలపాగా మనిషి నా మాట విని, "ఆంధ్ర నుంచొచ్చినవా?" అన్నాడు. అవునన్నాను.

"మా పోరగాండ్ల నౌకరీలన్నీ మీరే తీస్కుంటిరి."

బస్సులో నలుగురూ నావైపు చూశారు. "మా తమ్ముడూ ఒక నౌకరీ తీసుకున్నాడు. బాయిలో పైకప్పు విరిగి మీద పడి, ఇప్పుడు లేవలేకుండా కరీంనగర్‌లో ఉన్నాడు," అన్నాను.

అతను తువాలు విప్పి తునికిపండ్లు నా ఒళ్లో పోశాడు. "తిను. నేనన్నది నిన్ను కాదు," అన్నాడు. పసుపుపచ్చటి పండ్లు, లోపల మెత్తగా తియ్యగా ఉన్నాయి. అతను అన్న మాట అబద్ధం కాదు, నేనన్నదీ కాదు. ఇద్దరం పండ్లు తింటూ కూర్చున్నాం.

ఆకు కల్లం

ఖానాపూర్ చిన్న ఊరు. కాంట్రాక్టరు గంగారాం సేటు ఎక్కడని అడిగితే, అందరూ ఊరి బయట తునికాకు కల్లం వైపు చెయ్యి చూపించారు. అంటే కోసిన ఆకు కట్టలను ఆరబెట్టే మైదానం. కనుచూపు మేర ఆకు కట్టలే, ఇటుకలు పేర్చినట్టు. ఆ చివర ఒక గుడిసె. గుడిసె ముందు గుంజ. గుంజకు గొలుసు.

గొలుసు చివర ఉన్నది కుక్క అని దగ్గరకు పోతేగాని తెలియలేదు. నలుపు పోయి దుమ్ము రంగులో ఉంది. పక్కటెముకలు కనపడుతున్నాయి. ఒక చెవి చివర చీలిపోయి ఉంది. "బొగ్గీ" అన్నాను. తల ఎత్తలేదు.

గుడిసెలోంచి కావలివాడి భార్య పోసవ్వ వచ్చింది. అటువైపు బాయీ అంటే గని కాదు, అమ్మా అన్న పిలుపు. "దాన్నేం పిలుస్తవు బాయీ? అది పలుకది."

నేను సంచిలోంచి చొక్కా తీసి దాని ముందు పరిచాను. ముక్కు కదిలింది. తరువాత ఒళ్లు కదిలింది. లేచి నిలబడే ఓపిక లేదు. పొట్ట నేలకు రాసుకుంటూ వచ్చి ఆ చొక్కాలో ముఖం దూర్చి, లోపల నుంచి ఒక సన్నటి చప్పుడు చేసింది. కుక్కలు అలా చప్పుడు చేస్తాయని నాకు తెలియదు. పోసవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా సేటు కావలికని తెచ్చిండు బాయీ. ఇదేమో ఎవలొచ్చినా తోకూపి చెయ్యి నాకుతది. ఆకు దొంగలకాడికి గూడ పోయి గట్లనే నిలబడ్డది. తిండి బంజేస్తె కోపమొస్తదన్నరు. కట్టెతోని కొడితె కరుస్తదన్నరు. రోజు పొద్దుమాపు కొట్టిన్రు. కొట్టినా కరువది. కొట్టినోని చెయ్యి గూడ నాకవట్టె."

గంగారాం సేటు వచ్చాక నేను ఎంతో వాదించాల్సి వస్తుందని సిద్ధపడ్డాను. అక్కరలేకపోయింది.

"గిది కుక్కనా? గొర్రె. తీస్కపో, తిండి దండుగ. గా డాక్టరు నాకు పనికిరానిది అంటగట్టిండు," అని తానే గొలుసు విప్పాడు. ఆయన గొంతులో మోసపోయిన మనిషి బాధ నిజంగానే ఉంది. అడవిలో, బందరులో, ఎక్కడా అంత నిజాయితీగా కోపం వచ్చిన మనిషిని నేను చూడలేదు. మనిషిని కరవకూడదని నేర్పినవాళ్ల మీద ఆయనకు కోపం.

తిరుగు దారి

బస్సులో కుక్కను ఎక్కనిచ్చేది లేదన్నారు. ఆకు లారీ మంచిర్యాల వెళుతుంటే బస్తాల మీద ఇద్దరం ఎక్కాం. పోసవ్వ చాటుగా ఇచ్చిన జొన్న గట్క, అంటే జొన్నరవ్వతో వండిన సంకటి, సగం నేనూ సగం బొగ్గీ తిన్నాం. దారిలో ఒకచోట డ్రైవరు టైర్లు తట్టి చూడటానికి కర్ర తీసుకుని దిగాడు. బొగ్గి బస్తాల సందులోకి దూరి, ఉన్నచోటే తడిపేసింది. పాపం బెదిరిందనుకున్నాను. అంతకు మించి నాకేమీ తోచలేదు. నా మనసంతా ఆనందం ముఖం ఎలా మారుతుందో ఊహించుకోవడంలోనే ఉంది.

మంచిర్యాలలో కొమురయ్య దాన్ని కడిగి గాయాలకు పసుపు రాశాడు. రైల్లో గార్డు పెట్టెలో ఉన్న కుక్కల గూట్లో పెట్టారు. ఆగిన ప్రతి స్టేషనులోనూ దిగి చూశాను. చొక్కా మీద పడుకుని ఉంది.

గేటు దగ్గర

గేటు బయట తుమ్మచెట్టుకు తాడుతో కట్టి, రూతమ్మకు కబురు పంపాను. ఆమె చూసి, లోపలికి పరుగెత్తింది. వార్డులో ఒక్కసారిగా మంచాలు కిర్రుమన్న చప్పుడు గేటు దాకా వినిపించింది.

ముందు ఆనందమే వచ్చాడు. ఇన్నాళ్లుగా లేవని మనిషి, చంకల్లో రెండు కర్రలతో, ఆవరణ అంతా ఊగిపోతూ నడిచి వస్తున్నాడు. వెనక రూతమ్మ చేతులు చాచి ఉంది, పడితే పట్టుకుందామని. వాడి వెనక మిగతావాళ్లు, ఎవరి కర్ర మీద వాళ్లు. డాక్టరుగారు కూడా వరండాలోకి వచ్చి నిలబడ్డారు. నా కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, గెలిచాననుకున్నాను.

"బొగ్గీ!" అన్నాడు ఆనందం.

ఆ గొంతుకు బొగ్గి లేచి తోక ఊపింది. ఒక అడుగు ముందుకేసింది. అప్పుడు కర్రలు చూసింది. తోక కాళ్ల మధ్యకు పోయింది. తాడు బిగిసేదాకా వెనక్కి లాక్కుంది. ఇంక పోవడానికి చోటు లేక, నేలకు కరుచుకుని, కళ్లు మూసుకుని, దెబ్బ కోసం ఎదురుచూస్తూ పడుకుంది.

ఆనందం నావైపు చూశాడు. నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది. వాడు ముందు ఒక కర్ర దూరంగా విసిరేశాడు. రెండోదీ విసిరేశాడు. పడిపోయాడు. రూతమ్మ లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. మోచేతుల మీద, ఆ మండే నేల మీద, పాక్కుంటూ దాని దగ్గరకు పోయాడు. అది కళ్లు తెరిచి చూసి, వాడి మెడలో తల పెట్టింది. ఇద్దరూ అలాగే ఉన్నారు.

"చూశారుగా, పడ్డాడు," అన్నారు డాక్టరుగారు వరండాలోంచి. "నేను భయపడింది ఇందుకే."

మిగతావాళ్లు గేటు దగ్గరే ఆగిపోయారు. ఎవరు అడుగు ముందుకేసినా బొగ్గి వణికింది. రామ్‌దీన్ ఒక్కడే గేటు దాటి వచ్చాడు. అతనికి కర్ర పట్టుకోవడానికి చేతులు లేవు. పక్కన గొంతుకూర్చుని ఏదో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఎంతో మాట్లాడాడు. బొగ్గి అతని మోకాలి మీద కూడా తల పెట్టింది.

నా సెలవులు ఉన్నన్నాళ్లూ అలాగే సాగింది. బొగ్గి గోడ బయట చెట్టు కింద, వార్డువాళ్లు గోడ లోపల. రామ్‌దీన్ పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు, అన్నం కూడా అక్కడే తినిపించమనేవాడు. ఆనందం గేటు దాకా గోడ పట్టుకుని వచ్చి, అక్కణ్ణుంచి పాకేవాడు. కర్ర మాత్రం ముట్టుకోలేదు. లోపల వ్యాయామానికి కూడా ముట్టుకోలేదు. ఒకసారి రూతమ్మ బొగ్గిని పట్టుకుని వార్డు మెట్ల దాకా తెచ్చింది. మంచాల పక్కన ఆనించిన కర్రల వరస చూసి అది మెట్ల మీదే కూలబడింది.

"ఇగ ఇది లోపలికి రాదమ్మా," అంది రూతమ్మ. "ఈడ రామ్‌దీన్ తప్ప కర్ర లేనోడు ఎవడున్నడు? వీళ్లందరిని నిలబెట్టిన కుక్క. ఇప్పుడు వీళ్లు నిలబడితెనే దానికి భయం."

కర్ర పట్టనివాణ్ణి ఉంచుకుని ప్రయోజనం లేదన్నారు డాక్టరుగారు. అన్నది మర్యాదగానే. ఆనందం సరే వెళతానన్నాడు. బొగ్గిని రామ్‌దీన్ దగ్గర వదలమని నేను డాక్టరుగారిని అడిగాను. లోపల వీల్లేదన్నారు. గోడ బయట వదిలితే ఎవరు తిండి పెడతారు, ఎవరు రాయి విసురుతారు? ఆనందం ఆ మాట వింటూ దాని వీపు నిమురుతూ కూర్చున్నాడు, రామ్‌దీన్ వైపు చూడలేదు.

బయలుదేరేనాడు జట్కా గేటు ముందుకు వచ్చింది. ఆనందాన్ని ఎక్కించాం, బొగ్గి తానే ఎక్కింది. రామ్‌దీన్ చెట్టు కిందే నిలబడి ఉన్నాడు.

"కహా లే జా రహే హో, దీదీ?" అన్నాడు.

ఎక్కడికి తీసుకుపోతున్నావని. ఆ భాష రాదని తప్పించుకోవడానికి వీలులేని ప్రశ్న. మా ఊరికి అని చెప్పాను. అతను తల ఊపి, మొండి చేత్తో జట్కా చెక్కను ఒకసారి తాకి, లోపలికి వెళ్లిపోయాడు.

బందరు

ఆనందం ఇప్పుడు మాట్లాడతాడు, తింటాడు. మా వీధిలో పిల్లలకు లెక్కలు చెబుతాడు. బొగ్గి కుర్చీ కింద పడుకుంటుంది. మా వీధిలో దాన్ని చూసి ఎవరూ కర్ర ఎత్తకుండా నేను ఇంటింటికీ తిరిగి చెప్పాను. గొడుగు మూసి చేత్తో పట్టుకుని వచ్చినా అది మంచం కింద దూరుతుంది.

మా ఊరి డాక్టరుగారు వచ్చి కాళ్లు పరీక్షించారు. కండలో బలం ఉంది, చంకకర్రలు పట్టుకుని సాధన చేస్తే ఏడాదిలో బజారు దాకా నడవవచ్చునన్నారు. తానే ఒక జత తెప్పించి ఇచ్చారు. ఆనందం వాటిని అటక మీద పెట్టించాడు.

రోజూ సాయంత్రం మా ఇంటి గోడ పట్టుకుని నడుస్తాడు. బొగ్గి ముందు నడుస్తుంది. గోడ అయిపోయిన చోట ఇద్దరూ ఆగి, వెనక్కి తిరుగుతారు.